టీచరమ్మ డబ్బాకు మద్రాసు వారంటీ

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా ఆవిడ నవ్వుతుంది. తలలో ఒక్క వెంట్రుక నెరవనివాడికి 'ఆ రోజులు' ఎక్కణ్ణించి వచ్చాయని ఆమె అనుమానం. నిజమే, నేను చెప్పబోయేది తాతల కాలం మాట కాదు. కరోనా వచ్చి పోయి, పిల్లల చదువులూ పెద్దల పనులూ ఫోనుల్లోకి ఎక్కి, మళ్ళీ కిందికి దిగడం మరిచిపోయిన రోజుల మాట. కానీ ఇంటర్నెట్టు వ్యాపారంలో ఉన్నవాళ్ళకు కాలం కొంచెం తొందరగా నడుస్తుంది. అప్పుడు మేము ఇళ్ళ గోడలకు బిగించి, దీన్ని మించింది లేదని చెప్పి వచ్చిన డబ్బాలను ఇప్పుడు పాత సామాన్లవాడు కూడా తూకానికి తీసుకోవడం లేదు. అలాంటప్పుడు ఆ రోజుల్లో అనకుండా ఇంకేమనాలో నాకు తెలియదు.

సరే, ఆ రోజుల్లో నేను డిప్లొమా చేతపట్టుకుని ఆత్మకూరులో ఒక కేబుల్ ఆఫీసులో కొత్తగా చేరాను. ఆఫీసంటే బస్టాండు వెనక రెండు గదులు, ఒక ఏసీ (అది మిషన్లకు, మనుషులకు ఫ్యానే). మా ఓనరును ఊరంతా డిష్షన్న అనేవాళ్ళు. ఒకప్పుడు మేడలమీద డిష్షులు పెట్టి టీవీ చానళ్ళు ఇచ్చినవాడు, తర్వాత అవే స్తంభాలమీద ఫైబరు లాగి ఇంటర్నెట్టు ఇచ్చేవాడయ్యాడు. వ్యాపారం మారినా పేరు మాత్రం డిష్షు దగ్గరే ఆగిపోయింది. నన్ను పనిలోకి తీసుకునేటప్పుడు స్తంభం ఎక్కుతావా అని అడిగాడు. ఎక్కలేనన్నాను. మరి ఇంగ్లీషు మాట్లాడతావా అన్నాడు. కొంచెం అన్నాను. అయితే వారంటీ పని నీదే అన్నాడు. వారంటీ అంటే ఏమిటో నాకు ఆ క్షణానికి తెలియదు. స్తంభం ఎక్కడం కంటే తేలికగానే ఉంటుందనుకున్నాను.

ఏమిటో తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఇళ్ళల్లో పెట్టిన వైఫై డబ్బా పాడైతే దాన్ని అట్టపెట్టెలో పెట్టి మద్రాసులో ఉండే కంపెనీ సర్వీసు సెంటరుకు పంపాలి. పంపే ముందు ఫోను చేసి టికెట్టు నంబరు తీసుకోవాలి. ఆ నంబరు లేకపోతే ఆ డబ్బా భూమ్మీద పుట్టనట్టే లెక్క. వాళ్ళు దాన్ని పరీక్షించి, తప్పు డబ్బాదేనని తేలితే కొత్తది పంపుతారు. తప్పు మనదని తేలితే పాతదానికే ఒక చీటీ అంటించి తిప్పి పంపుతారు. తప్పు మనదే అనడానికి వాళ్ళ దగ్గర కారణాలకు కొదవ లేదు. నీళ్ళు పడ్డాయి, పిడుగు పడింది, చీమలు చేరాయి, స్టిక్కరు చిరిగింది. (చేజర్లలో ఒక రైతు ఇంట్లో డబ్బా లోపల బల్లి గుడ్లు పెట్టింది. అది వారంటీలోకి వస్తుందని నేను ఫోనులో చాలాసేపు వాదించాను. రాదట.) ఆ ఫోను ఎత్తే మనిషి ఎప్పుడూ ఒక్కడే. నేను అతనికి టికెట్ సారు అని పేరు పెట్టుకున్నాను. నమస్కారం అంటే టికెట్ నంబరు చెప్పమనేవాడు. ఒకసారి మనిషిని కొంచెం మెత్తబరుద్దామని భోంచేశారా సార్ అని అడిగితే, అది ఏ టికెట్టుకు సంబంధించిన విషయమని అడిగాడు.

ఇక టీచరమ్మ. ఉదయగిరిలో మిషన్ బడిలో చదివిన వాళ్ళెవరికీ ఆమెను పరిచయం చెయ్యక్కర్లేదు, మిగిలినవాళ్ళకు చెప్తాను. చిన్న తరగతులకు అన్ని పాఠాలూ చెప్పేది, వాటితో పాటు కుట్టుపని నేర్పేది. కుట్టుపని ఆడపిల్లలకేనని ఆమె ఎప్పుడూ ఒప్పుకోలేదు. అందుకే మా ఊరి మగవాళ్ళకు అన్నం వార్చుకోవడం రాకపోవచ్చు గానీ, తెగిన గుండీ కుట్టుకోవడం మాత్రం అందరికీ వచ్చు. ఆమె ఎవరినీ కొట్టినట్టు నేను చూడలేదు, తిట్టినట్టు వినలేదు. మనం కుట్టిన గుడ్డను తీసుకుని, వెనక్కి తిప్పి, ముడులన్నీ చూసి, కళ్ళద్దాల పైనుంచి మన మొహంలోకి ఒక చూపు చూసేది. అంతే. ఆ చూపు తిన్నవాళ్ళు తర్వాత ఎస్సైలయ్యారు, ఎమ్మార్వోలయ్యారు, సర్పంచులయ్యారు. ఆమె చర్చి నుంచి ఇంటికి నడిచి వస్తుంటే వాళ్ళందరూ ఇప్పటికీ బండి దిగి నిలబడతారు. ఆమె పొరపాటు చేసిందని ఆమె మొహంమీద చెప్పిన మనిషి ఉదయగిరిలో అప్పటికింకా పుట్టలేదు.

అలాంటి మనిషి రిటైరయ్యాక పాఠం చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేక చిక్కిపోయింది. ఆ సమయంలోనే కలువాయి నుంచి ఒకప్పటి శిష్యురాలు ఒకామె వీడియో కాల్ చేసి, జాకెట్టు కటింగు నేర్పమని అడిగింది. ఒకరికి నేర్పితే నలుగురు చేరారు. చేజర్ల, కలువాయి, అనుమసముద్రంపేట చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇంట్లో కుట్టుమిషను ఉండి కత్తెర పట్టడం రాని ఆడవాళ్ళందరూ మధ్యాహ్నం మూడింటికి పనులు ముగించుకుని ఫోను ముందు కూర్చునేవాళ్ళు. టీచరమ్మకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. ఆమెకు మా ఫైబరు కనెక్షను పెట్టించినవాణ్ణి నేనే, లైను తెగదని గట్టిగా హామీ ఇచ్చిందీ నేనే. ఆమె అప్పుడే చెప్పింది, పాఠం మధ్యలో తెగిపోతే తట్టుకోలేనని, అలా తెగేదైతే క్లాసే మూసేస్తానని. డిష్షన్న కూడా అప్పుడే చెప్పాడు, చర్చి వీధిలో మన కనెక్షన్లన్నీ ఆమె మాట మీద వచ్చినవని, ఆమె లైను నిలబెట్టడమే నా ఉద్యోగమని. అంటే ఆమె క్లాసు నడిస్తే నేను ఆత్మకూరులో ఉంటాను, ఆగితే మా నాయన దగ్గరికి పోయి బర్రెలు కాస్తాను. అంతకంటే చిక్కు లేదు అందులో.

నెల తిరక్కుండానే ఆగింది. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, చేతి కింద భాగం కత్తిరించడం చూపిస్తుండగా ఆమె మొహం తెరమీద బొమ్మలా నిలిచిపోయిందట. నాకు ఫోను వచ్చింది. బయల్దేరే ముందు ఫోను చేసి రమ్మంది (ఏ ఇంటికైనా చెప్పకుండా పోవడం ఆమె లెక్కలో మర్యాద కాదు). నేను ఫోను చేసి, బండి వేసుకుని ఉదయగిరి చేరేసరికి డబ్బా చక్కగా పనిచేస్తోంది. పచ్చలైట్లన్నీ వెలుగుతున్నాయి. నా ఫోనుతో చూస్తే స్పీడు బ్రహ్మాండంగా ఉంది. అయినా అనుమానం ఎందుకని కొత్త డబ్బా పెట్టి, పాతదాన్ని మద్రాసుకు పంపాను. వారం తర్వాత పాతది తిరిగొచ్చింది, 'ఏ లోపమూ కనపడలేదు' అన్న చీటీతో. ఆ చీటీ వచ్చిన రోజే కొత్త డబ్బా కూడా ఆగిపోయింది.

ఆ తర్వాత ఎండాకాలమంతా నాకు అదే పని. ఆగుతుంది, ఫోను వస్తుంది, పోతాను, పనిచేస్తుంటుంది. తీగ మార్చాను, ప్లగ్గు మార్చాను, మూడో డబ్బా పెట్టాను, చివరికి దాన్ని ఒక గోడమీది నుంచి ఇంకో గోడకు మార్చాను. తీగను గోడకు కొట్టిన క్లిప్పులు వంకరగా ఉన్నాయని టీచరమ్మ అన్నీ పీకించి, దారం పట్టి గీత గీసి, మళ్ళీ కొట్టించింది. పని చేస్తున్నంతసేపూ పక్కన ప్లేటులో చెక్కలూ, గ్లాసులో మజ్జిగా ఉండేవి. ఆ మర్యాదకే నాకు ఎక్కువ సిగ్గేసేది. ఆ ఇంట్లో మీరు గమనించాల్సిన సంగతి ఒకటుంది. టీవీకి కవరు, మిక్సీకి కవరు, కుట్టుమిషనుకు కవరు, గ్యాసు బండకు కుచ్చుల గౌను, ఫ్రిజ్ హ్యాండిలుకు చేతి తొడుగు, రిమోటుకు గుండీలు పెట్టిన చొక్కా. అన్నీ ఆమె చేతి కుట్టే. ఆ ఇంట్లో కవరు లేని వస్తువు మా వైఫై డబ్బా ఒక్కటే. దాన్ని మాత్రం ఎందుకు వదిలేసిందో నేను ఆలోచించాను కూడా. ఇది సైన్సుకు సంబంధించిన వస్తువు గదా, గౌరవించి వదిలేసిందనుకున్నాను. డిప్లొమాలో నాకు ఫస్టు క్లాసు వచ్చిందని ఈ సందర్భంలో మనవి చేసుకుంటున్నాను.

డబ్బాకు గాలి కోసం పక్కల్లో సన్నటి చీలికలుంటాయి. ఒకసారి తుడుస్తుంటే ఆ చీలికల్లో ఎర్రటి పోగులు రెండు కనిపించాయి. మెత్తగా, మెరుస్తూ, మఖమల్ గుడ్డలోంచి రాలినట్టున్నాయి. డబ్బా వీపు కూడా కొంచెం వెచ్చగా తగిలింది. దీనిమీద ఏమైనా కప్పుతున్నారా టీచరమ్మా అని అడగడానికి నోరు తెరిచాను. ఆమె కళ్ళద్దాల పైనుంచి ఏందన్నట్టు చూసింది. నేను చెక్కలు చాలా బాగున్నాయన్నాను. ఇంకో నాలుగు వేసింది.

ఆత్మకూరు వచ్చి ఈ సంగతి డిష్షన్నకు చెప్పాను. పిరికిపంద అన్నాడు, రేపు నేనొస్తాను చూడన్నాడు. అన్నట్టే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వీధి మొదట్లోనే బండి ఆపి జుట్టు సర్దుకున్నాడు. గడప దాటగానే, పది ఊళ్ళకు ఇంటర్నెట్టు ఇచ్చే ఆ మనిషి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడిపోయాడు. ఇతను కూడా ఆ బడివాడేనని నాకు అప్పుడు గుర్తొచ్చింది. నువ్వడుగు అని నేను మోచేత్తో పొడిచాను, నువ్వే అడుగు అని అతను మడమతో తొక్కాడు. టీచరమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసి, కింది గుండీ వేలాడతా ఉండాది, విప్పియ్యి కుట్టిస్తాను అంది. అతను చొక్కా విప్పి ఇచ్చి, బనీనుమీద కూర్చుని మజ్జిగ తాగాడు. గుండీ కుట్టించుకుని ఇద్దరం తిరిగొచ్చాం.

మూడో డబ్బా కూడా ఆగాక టీచరమ్మే నాకు ఫోను చేసింది. గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. "ఇంక నేను ఆపేస్తానులే అబ్బయా," అంది. "బిడ్డలు పనులు మానుకోని కూర్చుంటా ఉండారు. నేను సగంలో మాయమైపోతే వాళ్ళకు ఏమి నేర్పినట్టు? నెలాఖరుదాకా చూస్తా. నీ మీద నాకేం కోపం లేదు." నేను ఆ ఫోను పెట్టేసి, బతిమాలో గద్దించో ఈసారి టికెట్ సారును ఒప్పించాలనుకున్నాను. అనుమసముద్రంపేటలో ఒక లైను బాగుచేసి, దర్గా దగ్గర టీకొట్టులో నిలబడి అతనికి ఫోను చేశాను. చుట్టూ జనం, అత్తరు వాసన, మైకులు. ఆ గోలలో నేను నా జీవితంలో మాట్లాడనంత ఇంగ్లీషు మాట్లాడాను. ఆమె ఎవరో, ఏం నేర్పుతుందో, ఆ క్లాసు ఆగితే ఏమవుతుందో చెప్పాను. నా ఉద్యోగం సంగతి కూడా చెప్పాను. తర్వాత అతను మెల్లగా తెలుగులో, సరే సార్, ఒక్కసారికి స్పెషల్ కేసుగా మా ఇంజనీరు చేత పూర్తిగా చూపిస్తాను, డబ్బాతో పాటు ఇంట్లో దానితో వాడే సామాన్లన్నీ, ఒక్కటి కూడా వదలకుండా పంపండి అన్నాడు. మొదటిసారి అతను టికెట్ నంబరు అడగడం మరిచిపోయాడు. నేనే గుర్తుచేశాను.

ఆ మాట యథాతథంగా టీచరమ్మకు చేరవేశాను. దానితో వాడే సామాన్లన్నీ, ఒక్కటి కూడా వదలకుండా. నేనొచ్చి ప్యాక్ చేస్తానన్నాను. నువ్వు చేసే ప్యాకింగు నేను చూసినాను గానీ, పార్శిలు నేను కట్టి పెడతాను, వచ్చి తీసుకుపో అంది. వెళ్ళేసరికి సిద్ధంగా ఉంది. అట్టపెట్టె చుట్టూ తెల్లటి కోరా గుడ్డ, నాలుగు అంచులా సన్నటి దగ్గర దగ్గర కుట్టు, కుట్టు మీద లక్కముద్రలు, పైన నీలిసిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు. పాతకాలంలో దుబాయికి ఊరగాయ పంపేవాళ్ళు చూడండి, అట్లా. లోపల ఏముందో చూడాలంటే ఆ కుట్టు తెంపాలి. ఆమె కుట్టు నేను తెంపడమంటే అది జరిగే పని కాదు. దాన్ని పసిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని బస్టాండుకు పోయి పార్శిలు సర్వీసులో వేశాను. ఆ కౌంటరులో కూర్చున్నతను అక్షరాలు చూసి, టీచరమ్మ గారిదా అని లేచి నిలబడి తీసుకున్నాడు.

మద్రాసు నుంచి జవాబు చీటీగా రాలేదు, ఫోనుకు ఫోటోగా వచ్చింది. టేబులు మీద మా డబ్బా. డబ్బాకు ఎర్ర మఖమల్ కవరు. మామూలు కవరు కాదు, లోపల దూది పరిచి, గళ్ళు గళ్ళుగా కుట్టు వేసి, కింద బంగారు జరీ అంచు పెట్టి, ముందువైపు లైట్లు కనపడడానికి మాత్రం చిన్న కిటికీ. ఆ కిటికీకి కూడా రెండు రెక్కల తెర. కింద ఇంజనీరు రాసిన రెండు ముక్కలు: ఈ పరికరాన్ని పరుపులో చుట్టి నడిపారు, వేడికి ఆగిపోతోంది, చల్లారితే పనిచేస్తోంది, వారంటీ వర్తించదు. ఎవరో తెలియని ఆ ఇంజనీరు ఉదయగిరి మిషన్ బడిలో చదువుకోలేదు కాబట్టి అంత సూటిగా రాయగలిగాడు. దాని కింద టికెట్ సారు సొంతంగా ఒక మాట చేర్చాడు, కవరు చాలా అందంగా ఉంది, మా ఆఫీసులో అందరూ చూసి వెళ్తున్నారు అని.

డిష్షన్నా నేనూ ఆ ఫోటోను చాలాసేపు చూశాం. కొత్త డబ్బా ఒకటి గుట్టుగా ఇచ్చేద్దామా అన్నాను నేను. ఇస్తే దానికి ఇంకో కవరు కుడుతుంది, నీలం రంగుదో పచ్చదో, అన్నాడు అతను. అది నిజమే. ఇంక దాటవేసే దారి లేదు, ఆమెకు చెప్పి తీరాలి. ఎవరు చెప్పాలనేది తేలకముందే డిష్షన్నకు నెల్లూరులో అర్జంటు పని గుర్తొచ్చింది. చొక్కా కూడా మార్చుకోకుండా పోయాడు.

నేను పోయేసరికి టీచరమ్మ బల్లమీద గుడ్డ పరిచి సుద్దతో గీత గీస్తోంది. క్లాసు టైము దగ్గర పడుతోంది. డబ్బా లేదు గనక ఆ రోజు ఎవరిదో ఫోనులో నడపాలని చూస్తోంది. కూర్చోమంది, నేను కూర్చోలేదు. చెప్పాల్సిన మాటలు దారంతా కూడబలుక్కుంటూ వచ్చాను గానీ గడప దాటగానే ఒక్కటీ మిగల్లేదు. అందుకని ఫోను తీసి ఫోటో చూపించాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చూసింది, మొహం విప్పారింది. "నేను కుట్టిందే. అంచు ఎంత చక్కగా పడినాదో చూసినావా?" అంది.

అయినా ఎట్లాగో అనేశాను. "ఆ కవరు వల్లే టీచరమ్మా. దానికి గాలి ఆడాల. లోపల ఉడికిపోయి ఆగిపోతా ఉండాది."

ఆమె సుద్ద బల్లమీద పెట్టింది. అన్నిసార్లూ అదేనా అని అడిగింది. అన్నిసార్లూ అదే అన్నాను. మరి నేనొచ్చినప్పుడు కవరు ఎందుకు లేదని అడగబోయి ఆగాను, ఆమే చెప్పింది. "నువ్వు వస్తా ఉండానని ఫోను చేస్తే తీసి పక్కన పెట్టేదాన్ని. డాక్టరొస్తే బిడ్డకు చొక్కా విప్పి చూపించమా?" అంది. ఆ మాటకు నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. ఎండాకాలమంతా, నేను ఉదయగిరికి ఫోను చేసిన ప్రతిసారీ, నా రోగికి నేనే చొక్కా విప్పించి, చల్లారబెట్టి, ఆరోగ్యంగా ఉందని చెప్పి వచ్చానన్నమాట.

నీకెప్పుడూ అనుమానం రాలేదా అని అడిగింది టీచరమ్మ. వచ్చింది, ఎర్రపోగులు కనిపించినాయి అన్నాను. మరి అడగలేదే అంది. భయమేసిందన్నాను. మీ ఓనరుకో అంది. ఆయనకు నాకంటే ఎక్కువ అన్నాను. టీచరమ్మ కుర్చీలో కూర్చుంది. ఆమె పని మధ్యలో అలా కూర్చోవడం నేను అదే మొదటిసారి చూశాను. కోప్పడితే బాగుండనిపించింది. ఆమె గోడవైపు, మేము గీత గీసి కొట్టిన క్లిప్పులవైపు చూసి, నీ ఫోనులో నెట్టు ఉండాదా అంది. ఉండాదన్నాను. అయితే పెట్టు, పిల్లకాయలు ఎదురుచూస్తా ఉంటారు అంది. అరవై దాటినామె, మనవలున్న ఆడవాళ్ళను పిల్లకాయలంటోంది. ఇంక మూసేస్తుంది, ఆ మాట చెప్పడానికే పెట్టమంటోందని నాకు ఖాయమైపోయింది.

ఫోను బల్లమీద నిలబెట్టాను. గళ్ళు గళ్ళుగా మొహాలు వచ్చాయి. వెనక మిషన్లు, మంచాలు, ఒకామె వెనక మేకపిల్ల. టీచరమ్మ నన్ను పక్కకు లాగి నిలబెట్టి, వీడు నా దగ్గర చదువుకున్నోడు అని పేరుతో సహా చెప్పి, ఫోటో అందరికీ చూపించమంది. చూపించాను. చాలా బాగుండాది టీచరమ్మా అన్నారు అందరూ. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"బాగుండటం కాదు. ఇన్నాళ్ళూ మన క్లాసు ఆగిపోయింది దీనివల్ల. దానికి ఊపిరాడకుండా చేసింది నేను. ఈ అబ్బయికి అనుమానం వచ్చినాది, చెప్పలా. వీళ్ళ ఓనరు కూడా వచ్చి మజ్జిగ తాగి పోయినాడు, చెప్పలా. నా మొహం చూడని మనిషి మద్రాసు నుంచి చెప్పినాడు. నా దగ్గర చదువుకున్నోళ్ళు నాకు తప్పు చెప్పలేకపోయినారంటే నేను పాఠం సరిగ్గా చెప్పలేదు. అంత భయం పెట్టినానని నాకు తెలీదు."

మేకపిల్ల ఒకసారి అరిచింది. నేను నేలవైపు చూస్తున్నాను. నా టీచరమ్మ నా ముందు తల వంచుకోవడం నాకు భరించరానంత కష్టంగా ఉంది, ఆ ఇంజనీరు రాసిన ముక్కను చించి పారేయాలనిపించింది. అప్పుడు కలువాయి ఆమె, అందరికంటే ముందు చేరిన ఆమె, గొంతు సవరించుకుంది.

"టీచరమ్మా, కోప్పడకపోతే ఒక మాట. మీరు చెప్పిన చంక కొలత తక్కువుండాది. ఆ జాకెట్టు తొడిగితే చెయ్యి పైకి లేవడంలా. మా అత్త దండెంమీద గుడ్డలు ఆరేయలేకపోతా ఉండాది."

ఇంకో గడిలోంచి మా ఇంట్లో కూడా అంది ఒకామె. మాకూ అంతే అంది ఇంకొకామె. చేజర్ల ఆమె, చర్చిలో ప్రార్థనకు చేతులెత్తలేక మోచేతులదాకానే ఎత్తుతున్నానని చెప్పింది. ఒక్కొక్కరే బయటపడ్డారు. చూడబోతే ఆ మండలాల్లో ఆడవాళ్ళు ఎందరో కొన్ని నెలలుగా చేతులు పైకెత్తకుండా బతుకుతున్నారు. పై అటక మీది డబ్బాలు మొగుళ్ళ చేత దింపిస్తున్నారు, బస్సులో పైన ఉండే కమ్మీ పట్టుకోవడం మానేశారు. టీచరమ్మ టేపు తీసి బల్లమీది కాగితం కొలిచింది. మళ్ళీ కొలిచింది. మొదట్నించీ ఇంతేనా అని అడిగింది. మొదట్నించీ అంతే టీచరమ్మా అన్నారు. మరి ఇన్నాళ్ళూ అవే తొడుక్కుంటా ఉండారా అంది. మీరు చెప్పిన కొలత గదా అన్నారు.

ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకుని నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆమె నవ్వుతోంది. కళ్ళద్దాలు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. అటువైపు మొహాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి నవ్వడం మొదలుపెట్టాయి, మేకపిల్లను ఎత్తుకున్న ఆమెతో సహా. నవ్వు తగ్గాక టీచరమ్మ గొంతు మళ్ళీ బడి గొంతైంది. రేపు అందరూ ఆ జాకెట్లు తెచ్చుకుని కూర్చోవాలని, కొలత మార్చి మొదట్నించి కత్తిరిద్దామని చెప్పింది. కలువాయి ఆమెను చూపించి, "రేపటి పాఠం నువ్వు మొదలుపెట్టు. నేను వింటాను," అంది. రేపు అన్న ఆ మాట విన్నాకే నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. నా ఉద్యోగం నిలబడిందన్న సంగతి ఆత్మకూరు దారిలో సగం దూరం పోయాక గానీ నాకు తట్టలేదు.

ఇదంతా జరిగాక నేను ఆత్మకూరులోనే సొంతంగా ఒక షాపు పెట్టుకున్నాను. డిష్షన్న దగ్గర నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం స్తంభం ఎక్కకుండా తప్పించుకోవడమే. టీచరమ్మ క్లాసు ఇంకా నడుస్తోంది. జనం పెరిగారు, ఆమెను మధ్యలో ఆపి ప్రశ్నలేసేవాళ్ళూ పెరిగారు, ఆమెకు అదే ఇష్టంగా ఉంది. ఉదయగిరి వైపు పనిబడితే వెళ్ళి కనబడతాను. కూర్చోబెట్టి అన్నం పెడుతుంది. పెట్టి, ఎదురుగా కూర్చుని, ప్రతిసారీ అదే అడుగుతుంది: ఇంకా నేను చేసే తప్పులేమన్నా ఉంటే చెప్పు అబ్బయా, మనసులో పెట్టుకోవద్దు అని. ఏమీ లేవు టీచరమ్మా అంటాను నేను.

నిజానికి ఒకటుంది. ఆ రోజు క్లాసులో నన్ను పక్కకు లాగి నిలబెట్టి అందరికీ చెప్పిన పేరు నాది కాదు, మా అన్నది. బాగా చదివేవాడు, ఎప్పుడూ మొదటి బెంచీలో కూర్చునేవాడు, ఆమెకు గుర్తుండిపోయాడు. ఇప్పటికీ నన్ను ఆ పేరుతోనే పిలుస్తుంది, ఆ పేరుతోనే దీవిస్తుంది, కలువాయి చేజర్ల ఆడవాళ్ళందరికీ నేను ఆ పేరుతోనే తెలుసు. చెప్పాలని రెండు మూడుసార్లు నోరు తెరిచాను. ఆమె అంత ఆశగా నా మొహంలోకి చూస్తుంటే, ఇంకొంచెం కూర వెయ్యండి టీచరమ్మా అని కంచం ముందుకు జరుపుతాను. ఆమె వేస్తుంది, మా అన్న పేరు పెట్టి కడుపునిండా తినమంటుంది, నేను తింటాను.